బెంగళూరులో ఉంటూ ఊళ్ళో ఓటు: పోస్టల్ బ్యాలెట్ మనకీ ఇవ్వాలి, కానీ ఇంటికి పంపొద్దు

మీరు అడిగింది ఇది: "మేం బెంగళూరులో ఉంటాం, ఓట్లు ఆంధ్రాలో మా ఊళ్ళో ఉన్నాయి. పోస్టులో ఓటు వేసే వీలుందా? అందరికీ ఆ వీలిస్తే మంచిదేనా? ఊళ్ళో ఉన్న మా అత్తగారికి 86 ఏళ్ళు, ఆవిడ సంగతేంటి?"

మీకు ఇప్పుడు ఆ వీలు లేదండీ. సైన్యంలో ఉన్నవాళ్ళు, ఎన్నికల డ్యూటీ చేసే ఉద్యోగులు, 85 ఏళ్ళు దాటినవాళ్ళు, 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్ళు, కొన్ని అత్యవసర సర్వీసుల వాళ్ళు, ఇలా కొందరికే పోస్టల్ బ్యాలెట్ ఉంది. పని కోసం వేరే రాష్ట్రం వచ్చినవాళ్ళు ఆ లెక్కలో లేరు. మీ అత్తగారికి ఉంది, చివర్లో చెప్తాను.

మనకీ ఇవ్వాలా అంటే, ఇవ్వాలి. 2024 మే 13 సోమవారం పోలింగ్. ముందు శుక్రవారం రాత్రి మారతహళ్ళిలో బస్సు కోసం నిలబడ్డవాళ్ళలో నేనూ ఉన్నాను. మామూలుగా పన్నెండొందలుండే టికెట్ మూడు వేలు దాటింది. ఒంగోలు చేరేసరికి తెల్లారింది. నేను ఆ డబ్బు పెట్టగలిగాను. మా అపార్ట్‌మెంట్ పక్కన కట్టే బిల్డింగులో రాయలసీమ నుంచి వచ్చిన మేస్త్రీలు వెళ్ళలేదు. రానూపోనూ ఛార్జీలు, మూడు రోజుల కూలి పోతే ఇల్లు గడవదు. వాళ్ళ ఓటు పోయిందంటే అది బద్ధకం వల్ల కాదు.

"అడ్రస్ మార్చుకోవచ్చుగా" అంటారు. నిజమే, ఫారం 8 పెట్టి ఓటు ఇక్కడికి మార్చుకోవచ్చు. మామూలుగా ఎక్కడ నివాసముంటే అక్కడే ఓటుండాలని చట్టం కూడా అంటుంది. ఇక్కడే స్థిరపడ్డవాళ్ళు మార్చుకోవడమే మేలు. కానీ పని అయిపోగానే సైటు మారే మేస్త్రీకి ఏ అడ్రస్ ఇస్తాం? అతని పొలం, రేషన్, పిల్లల బడి అన్నీ ఊళ్ళోనే.

అయితే బ్యాలెట్ నేరుగా ఇంటికి పంపితే మాత్రం నాకు భయం. దానికి మా ఇంట్లో జరిగిన రెండు సంగతులే కారణం.

మా అక్క టీచర్. 2019లో ఎన్నికల డ్యూటీ పడితే పోస్టులో ఓటు వేసింది. బ్యాలెట్ చిన్న కవర్లో పెట్టి అంటించాలి. ఈ బ్యాలెట్ నాకే ఇచ్చారని ఓటరు సంతకం పెట్టి, గెజిటెడ్ అధికారి ధ్రువీకరించిన 13ఎ డిక్లరేషన్‌ని విడిగా, ఆ చిన్న కవరుతో పాటు పెద్ద కవర్లో పెట్టాలి. తను రెండూ కలిపి చిన్న కవర్లోనే పెట్టి అంటించేసింది. ఆ సంగతి రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది. లెక్కింపులో ముందు పెద్ద కవరు తెరుస్తారు. అందులో డిక్లరేషన్ లేకపోతే చిన్న కవరు తెరవకుండానే పక్కన పెట్టేస్తారు. పోలింగ్ ఏప్రిల్ 11న, లెక్కింపు మే 23న. ఆరు వారాల గడువున్నా సరిదిద్దుకునే దారి లేదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో కవరు మీది సంతకం రికార్డుతో సరిపోలకపోతే ఓటరుకి కబురు పెట్టి సరిచేసుకోనిస్తారు. మన దగ్గర ఓటు చెల్లిందో లేదో కూడా ఓటరుకి తెలియదు. 2024లోనైతే ధ్రువీకరించిన అధికారి సంతకం ఉండి సీలు లేని డిక్లరేషన్ల గొడవ ఆంధ్రాలో హైకోర్టు, సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది.

రెండోది మా నాయనమ్మది. 2024లో ఆమెకి 88. ఇద్దరు పోలింగ్ సిబ్బంది, ఒక కానిస్టేబుల్, వీడియో తీసే అబ్బాయి ఇంటికొచ్చారు. అట్టపెట్టెలాంటి అడ్డు పెట్టి బ్యాలెట్ చేతికిచ్చారు. ఆమె అలవాటుగా మా నాన్న వైపు తిరిగి "దేనికి వెయ్యమంటావురా?" అంది. సిబ్బందిలో ఉన్న మేడమ్ చాలా మర్యాదగా నాన్నని బయట కూర్చోమన్నారు. నాయనమ్మ లోపల ఒక్కతే చాలాసేపు ఉంది. ఎవరికి వేసిందో ఇప్పటికీ మాకు చెప్పలేదు.

ఆ మేడమ్ లేకుండా బ్యాలెట్ పోస్టులో వచ్చుంటే దాని మీద టిక్ పెట్టేది మా నాన్నే. ఆయన చెడ్డవాడని కాదు, మన ఇళ్ళలో చాలాచోట్ల జరిగేది అదే. ఓటుకి డబ్బు పంచేవాళ్ళకైతే ఇంకా సులువు, టిక్ పెట్టింది కళ్ళతో చూశాకే నోటు చేతిలో పెడతారు.

అందుకే నేను కోరేది బెంగళూరులోనే ఓటు కేంద్రాలు. కాశ్మీర్ నుంచి వలస వచ్చినవాళ్ళకి జమ్మూ, ఉధంపూర్, ఢిల్లీల్లో ప్రత్యేక కేంద్రాలు ఉన్నాయి. సైనికులకి 2016 నుంచి బ్యాలెట్ ఆన్‌లైన్‌లో వెళ్తోంది. వాళ్ళు ప్రింట్ తీసి, ఓటు వేసి, పోస్టులో తిప్పి పంపుతున్నారు. ఈ రెండూ కలపొచ్చు. ముందుగా పేరు నమోదు చేసుకున్నవాళ్ళకి కేంద్రంలో వాళ్ళ నియోజకవర్గం బ్యాలెట్ ప్రింట్ ఇవ్వాలి. తెర వెనక టిక్ పెట్టనివ్వాలి. డిక్లరేషన్ మీద అక్కడి అధికారే సంతకం పెడితే మా అక్కకి జరిగిన పొరపాటు ఇంకెవరికీ జరగదు. ఒకే బూత్ నుంచి 72 నియోజకవర్గాలకి ఓటు వేయగల రిమోట్ యంత్రాన్ని ఎన్నికల సంఘం 2023 జనవరిలో పార్టీల ముందుకు తెచ్చింది. చాలా పార్టీలు అభ్యంతరం చెప్పాయి. యంత్రం మీద నమ్మకం కుదరకపోతే కాగితంతోనే మొదలుపెట్టండి.

ఇక మీ అత్తగారికి. మా నాయనమ్మలాగే ఇంట్లోనే ఓటు వేయాలంటే ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోపే ఫారం 12డి అనే దరఖాస్తు ఇవ్వాలి, ఆ గడువు చాలామంది పోగొట్టుకుంటారు. ఎన్నికలు దగ్గర పడగానే మీ ఊరి బీఎల్ఓకి (ఓటర్ల జాబితా చూసే బూత్ స్థాయి అధికారికి) మీరే ఇక్కణ్ణుంచి ఫోన్ చేసి ఆవిడ పేరు చెప్పండి. ఒకసారి ఇంటి ఓటు ఒప్పుకుంటే జాబితాలో ఆవిడ పేరు పక్కన ఆ గుర్తు పడుతుంది, తర్వాత బూత్‌కి వెళ్ళి వేస్తానంటే కుదరదు. బూత్‌కి వెళ్ళడమే ఆవిడకి ఇష్టమేమో ముందు అడగండి.