నూనె కాచబోతున్న మా అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మీ పెద్దమ్మా నేనూ క్షేమం.

నీవు పెరట్లో పొయ్యి పెట్టించుకున్నావనీ, గట్ల మీది ఆకులు కోసి తెచ్చి నూనెలు కాచి, మైనం కలిపి లేపనాలు చేసి, చుట్టపక్కాలకు పంచాలనుకుంటున్నావనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. వినగానే సంతోషించాను. ప్రభుత్వ ఆయుర్వేద వైద్యశాలలో కాంపౌండరుగా నేను చేసిన పని గురించి మన ఇంట్లో ఇంతకాలం ఎవరూ అడిగింది లేదు. మీ నాయనమ్మ కాచే వావిలి నూనె కూడా ఆమెతోనే పోయిందనుకున్నాను. అయితే అదే ఫోనులో, అక్క పురిటికి వచ్చి మూడో నెల బిడ్డతో అక్కడే ఉందని కూడా మీ నాన్న అన్నాడు. నూనెలు కాచే ఇంట్లో పసిబిడ్డ ఉన్నదని తెలిశాక నాకు కుదురుగా ఉండబుద్ధి కాలేదు. ఫోనులో చెప్పినవి మరచిపోతావు, కాగితం మీద ఉంటే దాచుకుంటావని వ్రాస్తున్నాను.

ముందు ఆకు సంగతి. ఆకును పేరు విని కాదు, కంటితో చూసి, చేత్తో నలిపి, వాసన పట్టి గుర్తించాలి. తలనూనెకు వాడే గుంటగలగర అనుకొని గడ్డిచామంతి కోసుకొచ్చేవాళ్ళను ఎందరినో చూశాను. గడ్డిచామంతి పువ్వు నేలకు జానెడు ఎత్తున పొడవైన కాడ మీద ఒంటరిగా నిలుస్తుంది, మధ్యభాగం పసుపుపచ్చగా ఉంటుంది. గుంటగలగర పువ్వు చిన్నది, తెల్లనిది, తడి నేలలో ఉంటుంది. అన్నిటికన్నా నమ్మదగిన గుర్తు దాని రసం. లేత కొమ్మను నలిపి అరచేతికి రాసుకొని కాసేపు ఆగితే ఆ పచ్చదనం నల్లబడుతుంది. నల్లబడకపోతే అది వేరే మొక్క, పారేయి. వావిలికి ఈ చిక్కు లేదు. ఒకే తొడిమకు మూడో అయిదో ఆకులు, వాటి అడుగున బూడిద రంగు, నీలి పూలు, నలిపితే ఘాటైన వాసన ఉంటాయి. బాలింతల స్నానాల నీళ్ళలో వేసే ఆకు కాబట్టి నీకు చిన్నప్పటి నుంచీ తెలిసినదే.

గుంటగలగర ఎక్కువగా పెరిగేది వరిచేల గట్ల మీద. ఆ గట్ల మీదే కలుపుమందూ పురుగుమందూ పడతాయి. కడిగితే పోతాయిలే అనుకోకు. చేను ఎవరిదో తెలుసుకొని, ఎప్పుడు ఏ మందు కొట్టారో అడిగి, వీలైతే మన పెరటి గాబు దగ్గర కాస్త తడి నేలలో నీవే పెంచుకో. కొంచెం నీళ్ళుంటే చాలు, దానంతట అదే పాకుతుంది. మీకు నల్లమల దగ్గరే కదా అని అడవిలోకి మాత్రం వెళ్ళవద్దు. పులుల అభయారణ్యంలో ఆకు తుంచినా నేరమే. అక్కడి అటవీ ఫలసాయం మీద 2006 నాటి అటవీ హక్కుల చట్టం చెంచులకు హక్కు ఇచ్చింది, సరదాకు నూనె కాచుకొనే మనకు ఇవ్వలేదు. అడవి సరుకు ఏదైనా కావలసివస్తే వాళ్ళ దగ్గర న్యాయమైన ధర ఇచ్చి కొను.

కొన్ని మొక్కల జోలికి అసలు పోవద్దు. చిత్రమూలం వేరును నూరి కీలు మీద కట్టు కడితే తెల్లవారేసరికి నీటిబొబ్బలు లేస్తాయి, నిప్పుతో కాలినట్టే ఉంటుంది. నల్లజీడి రసంతో చాకళ్ళు బట్టల మీద గుర్తులు వేసేవారు. ఎన్ని ఉతుకులకూ పోని ఆ రసం ఒంటి మీద పడితే ఏం చేస్తుందో వేరే చెప్పాలా? ఉమ్మెత్త, గన్నేరు, గురివింద, ఈ విషపు మొక్కలను శాస్త్రాలు శుద్ధి చేసి వాడుకున్నాయి, నిజమే. ఆ శుద్ధి చేసే పద్ధతులు పెరటి పొయ్యి దగ్గర సాధ్యం కావు. జిల్లేడు ఆకు తుంచేటప్పుడు పాలు కంట్లో చిందితే మొదట నొప్పి కూడా తెలియకపోవచ్చు, తరువాత చూపు మసకబారుతుంది. అది పడితే ధారగా నీళ్ళతో కడుక్కొని వెంటనే కంటి డాక్టరు దగ్గరకు పరుగెత్తాలి. ఇంకొకటి. వయ్యారిభామతో దురద, పొక్కులు వచ్చేవారికి గుంటగలగర కూడా పడకపోవచ్చు, రెండూ ఒకే కుటుంబపు మొక్కలు. మీ అమ్మకు వయ్యారిభామ తగిలితే మెడంతా ఎర్రబడుతుందని గుర్తుంచుకొని, ఆమె తలకు నీ నూనె రాసేముందు మోచేతి మడతలో చుక్క రాసి రెండు రోజులు ఆగు.

కాచడం గురించి ఆయుర్వేద గ్రంథం వ్రాసిన శార్ఙ్గధరుడు చెప్పిన కొలతే నేనూ చెబుతాను. ఆకు ముద్ద ఒక పాలు, నూనె నాలుగు పాళ్ళు, రసమో కషాయమో పదహారు పాళ్ళు. అంటే లీటరు గానుగ నువ్వుల నూనెకు పావు కిలో ముద్ద, నాలుగు లీటర్ల రసం. ఇంత రసం చూసి భయపడి తగ్గించకు, అదంతా ఇగిరిపోవలసిందే. గిన్నె సగానికి మించి నింపవద్దు, పొంగుతుంది. మంట చిన్నదిగా ఉండాలి, గరిటె అడుగు తాకుతూ ఉండాలి, పొయ్యి వదిలి ఫోను పట్టుకోకూడదు. నూనె అంటుకుంటే నీళ్ళు పోయకు, మూత వేసి మంట ఆర్పు. ఇది ఎవరికైనా తెలిసిందే, అయినా వ్రాశాను.

పాకం తెలుసుకోవడంలోనే పనితనమంతా ఉంది. మొదట గిన్నె అంతా కుతకుతలాడుతూ ఆవిరి లేస్తుంది, వాసన పచ్చిగా ఉంటుంది. రసం ఇగిరేకొద్దీ ఆ మోత సన్నబడి, ముద్ద అడుగు నుంచి విడివడి, నూనె మీద సన్నని నురగ కడుతుంది. అప్పుడు గరిటెతో కొంచెం ముద్ద తీసి, చల్లారనిచ్చి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లించు. వేళ్ళకు అంటుకొని జారితే ఇంకా తడి ఉంది. మెత్తగా ఉంటూనే వత్తిలా సాగితే మధ్యమ పాకం, నీకు కావలసింది అదే. ఆ వత్తిని నిప్పు మీద వేస్తే చిటపటలాడకుండా నిశ్శబ్దంగా అంటుకోవాలి. చిటపట అన్నదంటే నీరు మిగిలింది, ఆ నూనె నెల తిరగకుండా పాడవుతుంది. ముద్ద గట్టిపడి పొడిపొడిగా రాలితే మాడినట్టే, దాన్ని దీపానికి వాడుకో, ఒంటికి వద్దు. దించాక, వేడి తగ్గి గోరువెచ్చగా ఉండగానే, పలచని నూలుగుడ్డలో వడకట్టి, ఎండలో బాగా ఆరిన గాజు సీసాల్లో పోసుకో.

లేపనానికి ఒక వంతు తేనెమైనానికి నాలుగైదు వంతుల నూనె సరిపోతుంది. మైనం కరిగేది అరవై డిగ్రీలు దాటాకే, కానీ నూనె కలిశాక అంత గట్టిగా నిలవదు. మీ వైపు మే నెల ఎండలకు డబ్బాలో జారిపోతే కంగారుపడకు, ఆ కాలంలో మైనం కాస్త ఎక్కువ వెయ్యి. నీళ్ళ గిన్నెలో గిన్నె పెట్టి కరిగించు, నేరుగా మంట మీద పెట్టవద్దు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ నాన్నకు ఇది తెలుసు, నీకు ఎప్పుడూ చెప్పి ఉండడు. మా మేనమామగారి ఇంట్లో పెద్దల్లుడు వావిలి నూనె కాచేవాడు. మంచి పనితనం ఉన్న మనిషి, పాకం ఒక్కనాడూ తప్పేది కాదు. ఆ ఏడు ముసురులో ఇంటి పెద్దావిడ మోకాళ్ళ నొప్పులతో మూలుగుతుంటే, ఘాటుగా ఉంటేనే లోపలికి దిగుతుందని కాచిన నూనెలో ముద్దకర్పూరం గుప్పెళ్ళతో వేసి కరిగించాడు. సీసాలు చాలలేదు. మిగిలినదాన్ని, కడిగి ఆరబెట్టి ఉన్న పాత గ్రైప్‌వాటర్ సీసాలో పోసి, చీటీ అంటించకుండా దేవుడి గూటి పక్క అలమరలో పెట్టాడు. తన మటుకు తనకు గుర్తే కదా!

ఆ ఇంట్లో అప్పటికి ఏడాది నిండని పిల్లవాడు ఉన్నాడు. సాయంత్రం కరెంటు పోయింది. తల్లి బావి దగ్గర ఉంది. పిల్లవాడు కడుపునొప్పితో ఏడుస్తుంటే, లాంతరు వెలుగులో చూపు ఆనని ముసలావిడ చేతికి తగిలిన గ్రైప్‌వాటర్ సీసా తీసి చెంచాడు పట్టింది. వాసన వచ్చింది కానీ అది తన మోకాళ్ళ నుంచి వస్తున్న వాసనే అనుకుంది. పది నిమిషాలు తిరగకుండా పిల్లవాడి కళ్ళు పైకి తేలిపోయి, కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది. ఒకరు దిష్టి అన్నారు, ఒకరు చెప్పులు వాసన చూపించమన్నారు, ఒకరు నోట్లో వేలు పెట్టి కక్కించబోయారు. వేలు పెట్టడం మరీ ప్రమాదం, ఫిట్సులో ఉన్న బిడ్డకు కక్కిన నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పట్నం ఆసుపత్రికి చేరేసరికి చాలా ఆలస్యమైంది. అక్కడి డాక్టరు పిల్లవాడి నోటి దగ్గర ముక్కు పెట్టి, "ఇంట్లో కర్పూరం ఎక్కడ పెట్టారు?" అని అడిగాడు. అప్పుడు అర్థమైంది అందరికీ.

పిల్లవాడు బతికాడు. ఇప్పుడు వాడికే ఇద్దరు పిల్లలు. ఆ అల్లుడు మాత్రం మళ్ళీ నూనె మూకుడు ముట్టలేదు, ముసలావిడ పోయేదాకా ఆయన ముఖం చూడటానికి సిగ్గుపడేది. నిజానికి ఆయన నూనెలో దోషం లేదు. బిడ్డ మందుసీసాలో పెద్దల నూనె పోయడం, చీటీ లేకపోవడం, పిల్లలున్న ఇంట్లో అంత కర్పూరం కలపడం, ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా ఆ రాత్రి జరిగి ఉండేది కాదు. ఏడాదిలోపు బిడ్డకు గ్రాము కర్పూరం ప్రాణం తీయగలదు. అది చర్మం గుండా, ముక్కు గుండా కూడా ఒంట్లోకి పోతుంది. మన ఇళ్ళలో జలుబు చేసిన పసివాళ్ళ ఛాతీకి కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి రాసే అలవాటు ఇంకా ఉంది. మీ అక్క అత్తగారు రాయమంటారు, మీ అమ్మ సరే అంటుంది. నీవు మాత్రం పెద్దలకు ఎదురుచెప్పానన్న మాట వచ్చినా సరే, ఆ చెయ్యి పట్టుకొని ఆపు. అలాగే బిడ్డ ముక్కులో, చెవిలో నూనె చుక్క వేయనివ్వకు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లో చేరి న్యుమోనియా తెస్తుంది. వేపనూనె కూడా పసివాళ్ళ కడుపులోకి పోకూడదు, దానితో ఫిట్సు వచ్చి చనిపోయిన పిల్లలున్నారు. ఇంత గట్టిగా చెబుతున్నానని నొచ్చుకోకు తల్లీ, ఆ రాత్రి లాంతరు పట్టుకొని నిలబడినవాళ్ళలో నేనూ ఉన్నాను.

కాబట్టి నీ నూనెల్లో కర్పూరమే వెయ్యకు. అది లేకుండానే వావిలి పనిచేసేంత పనిచేస్తుంది. పనిచేసేంత అని ఎందుకన్నానంటే, నూనె మర్దనతో కండరం సడలుతుంది, వెచ్చదనం హాయినిస్తుంది, అరిగిన కీలు తిరిగి మొలవదు. గుంటగలగర నూనె తలకు చల్లదనం, మెరుపు ఇస్తుంది, బట్టతల మీద వెంట్రుకలు మొలిపిస్తుందని ఎవరికీ మాట ఇవ్వకు. తెగిన గాయం మీద ఏ లేపనమూ వద్దు, సబ్బునీళ్ళతో కడిగి ధనుర్వాతం సూది వేయించుకోమను. కాలినచోట నూనె రాస్తే వేడి లోపలే నిలుస్తుంది, ఇరవై నిమిషాలు కుళాయి కింద చల్లని నీటిధార పట్టాలి. మీ బాబాయికి షుగరు ఉంది, పాదాలకు స్పర్శ తగ్గింది. ఆయన నూనె వేడిచేసి అరికాళ్ళకు రాసుకుంటే కాలినా తెలియదు. ఆయనకు సీసా ఇచ్చేటప్పుడు ఈ మాట పిన్నికి చెప్పి ఇవ్వు.

అమ్మకం సంగతి కూడా మీ నాన్న నసిగాడు. ఇంటివాళ్ళకు ఇచ్చుకోవడం వేరు, డబ్బు పుచ్చుకోవడం వేరు. మందుగా అయినా, సౌందర్య సాధనంగా అయినా తయారుచేసి అమ్మడానికి 1940 నాటి ఔషధాల చట్టం కింద లైసెన్సు ఉండాలి. తన రోగులకు తానే మందు చేసుకొనే వైద్యుడికి ఉన్న మినహాయింపు నీకు వర్తించదు. ఫలానా రోగం నయమవుతుందని వాట్సాప్‌లో ప్రకటించబోయావంటే అలాంటి ప్రకటనలను అడ్డుకొనే 1954 నాటి చట్టం ఇంకొకటి ఉంది. నిజంగా ఆ దారిన పోవాలనుంటే చెప్పు, లైసెన్సుకు ఏమేం కావాలో నేను వచ్చి దగ్గరుండి చూస్తాను. ప్రయాణానికి నాకేమీ ఓపిక తగ్గలేదు.

చీటీల మాటతో ముగిస్తాను. సీసాలు కొత్తవి కొను. మందుసీసాలు, కూల్‌డ్రింకు సీసాలు ఎంత శుభ్రంగా కనిపించినా వద్దు. ప్రతి సీసా మీద నూనె పేరు, అందులోని ఆకులు, ఏ నూనెలో కాచావు, కాచిన తేదీ, "పైపూతకు మాత్రమే, పసిపిల్లలకు వాడరాదు" అన్న మాట పెద్ద అక్షరాలతో, చూపు మందగించినవాళ్ళకు కూడా కనిపించేలా వ్రాయి. చదవలేనివారి కోసం మూతకు ఎర్రదారం కట్టి, ఎర్రదారం ఉంటే నోటికి కాదని ఇంట్లో అందరికీ చెప్పు. అలమరకు గొళ్ళెం పెట్టించమని మీ నాన్నకు నేనే ఫోను చేస్తాను.

తొలి వాయి నూనె మీ పెద్దమ్మ మోకాళ్ళకు పంపు. చీటీ లేకుండా వస్తే మూత తీయకుండా తిప్పి పంపుతాను.

ఇట్లు,
మీ పెదనాన్న