కెనడాలో ఉన్న తమ్ముని కొడుకుకు పెద్దబాపు లేఖ

చిరంజీవికి,

హన్మకొండ నుంచి పెద్దబాపు ఆశీర్వదించి రాయునది.

కెనడాలో ఒక సిక్కు వేర్పాటువాద నాయకుడి హత్య వెనుక భారత్ హస్తం ఉందని 2023 సెప్టెంబరులో కెనడా చేసిన ఆరోపణతో మొదలైన భారత్, కెనడాల తగవు నీ గోదాము భోజనాల గదిదాకా వచ్చిందనీ, "మీవాళ్లు మనుషులను చంపిస్తారట కదా" అని ఒకడు పదేపదే అంటున్నాడనీ మీ బాపు చెప్పాడు. అతనికి జవాబు చెప్పవద్దని నేను అనను. సర్కారు తరఫున మాత్రం చెప్పవద్దు. 2024 అక్టోబరులో రెండు దేశాలూ ఆరుగురి చొప్పున దౌత్యవేత్తలను వెళ్లగొట్టుకున్నాయి. వాదించడానికే జీతాలు తీసుకునేవాళ్లు పెట్టే సర్దుకున్న చోట నువ్వు వకాల్తా పుచ్చుకోవడం ఎందుకు? "అది దర్యాప్తు చేసేవాళ్ల పని, నాతో పని సంగతి మాట్లాడు" అని ఒక్కసారి నిమ్మళంగా చెప్పి ఊరుకో.

1990లో నేను సౌదీలో ఉన్నాను. ఆ ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు యెమెన్ ప్రభుత్వం తమ పక్షాన నిలవలేదన్న కోపంతో, కఫీల్ (పూచీపడే స్థానిక యజమాని) లేకుండానే బతికేందుకు యెమెనీలకు ఎంతోకాలంగా ఉన్న వెసులుబాటును సౌదీ సెప్టెంబరులో తీసివేసింది. లక్షలమంది వెళ్లిపోయారు. మా క్యాంపు పక్కన బకాలా (కిరాణా కొట్టు) నడిపే యెమెనీ ఆయన జగిత్యాల, సిరిసిల్ల వాళ్లమైన మాకు నెలాఖరుదాకా ఉద్దెర పెట్టేవాడు. పోయేముందు ఉద్దెర పుస్తకం తెరిచి, ఒక్కొక్కరినీ పిలిచి, ఇచ్చినంత తీసుకుని, ఇవ్వలేమన్నవాళ్ల పేర్ల మీద గీత కొట్టాడు. ఫ్రిజ్‌నూ తరాజునూ వచ్చిన ధరకు అమ్ముకున్నాడు. యెమెన్ రాజధాని సనాలో పెద్దలు ఏం మాట్లాడారో ఆయననెవరూ అడగనూ లేదు.

ఆయనకున్నది వెసులుబాటు, అది ఒక్క ఉత్తర్వుతో పోయింది. నీకు చట్టం ఉంది. నువ్వుండే ఒంటారియో రాష్ట్రపు మానవ హక్కుల చట్టం ప్రకారం, పుట్టిన దేశాన్ని బట్టి పనిచోట ఒకరిని వేధించడం నేరుగా నిషిద్ధం. ఆ ఫిర్యాదులు విచారించే ట్రిబ్యునల్‌కు వెళ్లాలంటే జరిగిన ఏడాదిలోపు దరఖాస్తు చేయాలి. అందుకని తేదీ, అన్న మాట అన్నట్టుగా, అక్కడ ఉన్నవాళ్ల పేర్లు అదే రోజు రాసిపెట్టు. మాటలు ఆగకపోతే సూపర్‌వైజరుకు ఈమెయిల్ పెట్టు. నోటిమాటగా చెప్పిన ఫిర్యాదును రేపు ఎవరూ ఒప్పుకోరు. రేపు అక్కడి పౌరసత్వం తీసుకుంటే ఓసీఐ కార్డుకు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లు వీసా లేకుండా వచ్చిపోవడానికి మన ప్రభుత్వం ఇచ్చేది) ఆలస్యం చేయకు. 2023లో మన ప్రభుత్వం కెనడా పౌరులకు వీసాలు ఆపినప్పుడు ఆ కార్డున్నవాళ్ల రాకపోకలు ఆగలేదు.

నాకు ఎక్కువ బెంగ మరొకటి. నీతో పనిచేసే పంజాబీ పిల్లల మీద నీకే కోపం పెరుగుతోందని మీ బాపు మాటలనుబట్టి అర్థమైంది. ద్వేషించేవాడు నీ ఊరూ కులమూ అడగడు. 2001 సెప్టెంబరు దాడుల తరువాత అరిజోనాలో ఒక సిక్కును తలపాగా చూసి ముస్లిం అనుకుని కాల్చి చంపారు. 2017లో కాన్సస్‌లో మన హైదరాబాద్ ఇంజినీరును ఇరానీ అనుకుని చంపారు. అక్కడే అడ్డుపడబోయి తూటా తిన్నవాడు అమెరికా వాడే. కాబట్టి పక్కింటివాళ్లకూ, తోటి పనివాళ్లకూ ఈ గొడవలతో సంబంధం లేకుండా ముందే నీ పేరు తెలిసి ఉండాలి. మనమూ కడిగిన ముత్యాలం కాము: 1962 చైనా యుద్ధంలో ఈ దేశంలోనే స్థిరపడ్డ చైనా కుటుంబాలను, పసిపిల్లలతో సహా, రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరంలో బంధించాము. ఈ మాట మన వాట్సాప్ గ్రూపులో ఎవరికీ రుచించదు, అయినా ఆ గ్రూపులో వచ్చినవాటిని నీ పేరుతో ముందుకు పంపకు. ఫోన్‌లోది రేపు ఎవరు ఎవరికి చూపిస్తారో తెలియదు.

ఫిర్యాదు రాశాక ఒక రాత్రి ఆగి, కోపంతో పడ్డ మాటలు తీసివేసి, అప్పుడు పంపు. ఒక ప్రతి నాకూ పంపు. ఈ సంగతులు మీ అమ్మకు ఇప్పుడే చెప్పవద్దు, ఆమెకు నిద్ర పట్టదు.

మీ పెద్దబాపు