జీడీబీలో సింబల్ ఇండెక్స్ సరిగ్గా పనిచేస్తుందో లేదో ఆటోమేటిగ్గా టెస్ట్ చేయడం ఎలా?

జీడీబీ అనే డీబగ్గర్ ఫంక్షన్లు, వేరియబుల్స్ లాంటి పేర్లను త్వరగా వెతుక్కోడానికి వాడే పట్టికే సింబల్ ఇండెక్స్. దాని కోసం విడిగా టెస్టులు రాయడం కన్నా, జీడీబీకి ఉన్న టెస్ట్ సూట్‌నే రెండుసార్లు నడపడం మేలండి. ఒకసారి మామూలు బైనరీతో, ఇంకోసారి ఇండెక్స్ చేర్చిన బైనరీతో నడిపి రిజల్ట్స్ పోల్చి చూడండి, తేడా వచ్చిందంటే అనుమానం ఇండెక్స్ మీదే. జీడీబీ సోర్స్‌లో దీనికి రెడీగా బోర్డ్ ఫైల్స్ (టెస్టులు ఎలా నడవాలో చెప్పే సెట్టింగ్స్ ఫైల్స్) ఉన్నాయి, కంపైల్ అయిన ప్రతి ప్రోగ్రాంకీ ఇండెక్స్ తగిలించి మరీ టెస్ట్ చేస్తాయి. జీడీబీ ఇండెక్స్ అనే పాత రకానికి ఒకటి, 2017లో డ్వార్ఫ్ 5తో (డీబగ్ సమాచారం రాసే ఫార్మాట్‌లో ఐదో వెర్షన్) వచ్చిన డీబగ్ నేమ్స్ అనే రకానికి ఇంకొకటి, రెండూ నడపండి.

అయితే ఒకటి మాత్రం మర్చిపోవద్దు, ఇండెక్స్ లేకపోతే జీడీబీ ఏమీ అనకుండా డీబగ్ సమాచారాన్ని తనే చదివేసుకుంటుంది, టెస్టులన్నీ పాస్ అయిపోతాయి, మీరేమో ఇండెక్స్ బాగుందనుకుంటారు! అందుకే ముందు రీడ్‌ఎల్ఫ్‌తో (బైనరీలో ఏ భాగాలున్నాయో చూపించే టూల్) ఆ ఇండెక్స్ సెక్షన్ నిజంగా ఉందో లేదో స్క్రిప్ట్‌లోనే చెక్ పెట్టండి.

ఇంకో చిక్కుంది. పూర్తిగా ఇన్‌లైన్ అయిపోయిన (పిలిచిన చోటే కోడ్ కలిసిపోయిన) ఒక ఫంక్షన్ పేరు ఇండెక్స్‌లోకి ఎక్కలేదనుకోండి, కొత్త సెషన్‌లో దాని మీద బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రాం అక్కడ ఆగాలని చెప్పే గుర్తు) పెడితే జీడీబీ ఆ ఫంక్షన్ డిఫైన్ కాలేదంటుంది, అదే ముందు ఆ ఫైల్‌లోని వేరే ఫంక్షన్ దగ్గర ఆగి తర్వాత పెడితే చక్కగా దొరుకుతుంది, ఎందుకంటే అప్పటికే ఆ ఫైల్ సింబల్స్ మొత్తం లోడ్ అయిపోయుంటాయి. కాబట్టి ప్రతి పేరునీ ఫ్రెష్ సెషన్‌లోనే వెతికించండి, టైం ఎక్కువ పట్టినా సరే. నేమ్‌స్పేస్‌లు, టెంప్లేట్లు, ఇన్‌లైన్ ఫంక్షన్లు తప్పకుండా పెట్టండి, పేర్లు తప్పిపోయేది ఎక్కువగా అక్కడే.