క్షమించాక వాటా అడగవచ్చా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల ఒడిశా సరిహద్దు నుండి వచ్చిన ఉత్తరాలలో మూడింటిని ఎంచుకున్నాము. రాసినవారి పేర్లు వారి కోరిక మేరకు ప్రచురించడం లేదు.

ప్రశ్న: అయ్యగారికి ప్రభువు నామమున వందనములు. మాది పర్లాకిమిడి. తాతల కాలం నుండి క్రైస్తవ కుటుంబం. నాన్నగారు వీలునామా రాయకుండానే ప్రభువునందు నిద్రించారు. అమ్మ అంతకుముందే పోయింది. ఉన్న పొలమంతా మా అన్నయ్య నాకు చెప్పకుండా తన పేరున పట్టా చేయించుకున్నాడు. అడిగితే, ‘నాన్న నీకు పెళ్ళి చేశాడు కదా, ఇంకేమిటి’ అన్నాడు. అప్పటి నుండి మా మధ్య మాటల్లేవు. ఇప్పుడు అతని కూతురి పెళ్ళి కుదిరింది, రమ్మని వదిన కబురు చేసింది. అన్నను క్షమించి, తహసీల్దారు ఆఫీసులో పెట్టిన అర్జీ వెనక్కి తీసుకుంటే తప్ప ప్రభురాత్రి భోజనపు బల్లలో పాలుపొందకూడదని సంఘ పెద్దలు అంటున్నారు. క్షమించానని నోటితో చెబుతున్నా లోపలి మంట చల్లారడం లేదు. నేనేం చేయాలి?

జవాబు: సహోదరీ, మీ పెద్దలు రెండు వేరువేరు సంగతులను ఒకటిగా కట్టి మీ తలమీద పెట్టారు. అన్నగారిమీద పగను విడిచిపెట్టడం ఒక సంగతి. అది ప్రభువు ఆజ్ఞ, దానికి మినహాయింపు లేదు. తండ్రి ఆస్తిలో మీకు న్యాయంగా రావలసిన భాగం వేరొక సంగతి. దానిని అడగడమా, వదులుకోవడమా అన్నది మీరు స్వేచ్ఛగా నిర్ణయించుకోవలసినదే గాని, క్షమించినందుకు రుజువుగా మరొకరు మీచేత చేయించవలసినది కాదు.

మత్తయి సువార్త 18వ అధ్యాయం మీరు చాలాసార్లు విని ఉంటారు. ఏడుసార్లు క్షమిస్తే చాలునా అని పేతురు అడిగినప్పుడు ప్రభువు, ‘డెబ్బది ఏళ్ల మారులమట్టుకు’ అని చెప్పి, అప్పుపడిన ఇద్దరు దాసుల ఉపమానం వినిపించాడు. మొదటివాడు రాజుకు పదివేల తలాంతులు అచ్చియున్నాడు, అంటే బాకీపడి ఉన్నాడు. ఒక దేనారము ఆ రోజుల్లో కూలివాని దినకూలి, ఒక తలాంతు ఆరువేల దేనారములు. అంటే ఆ అప్పు ఆరు కోట్ల దినాల కూలి; ఏడాదికి 300 రోజులు పని దొరికినా తీర్చడానికి రెండు లక్షల సంవత్సరాలు పడుతుంది. రాజు దానిని క్షమించాడు. బయటికి వచ్చిన ఆ మనిషి తనకు నూరు దేనారములు అచ్చియున్న తోటిదాసుని గొంతు పట్టుకొన్నాడు.

ప్రసంగాలలో ఈ నూరు దేనారములను పూచికపుల్లతో సమానంగా తీసిపారేయడం నేను విన్నాను. అది సరికాదు. నూరు దేనారములంటే రెక్కాడితే గాని డొక్కాడనివాడి మూడు నెలల పైచిలుకు కష్టార్జితం. మీకు జరిగినది చిన్న నష్టమని ప్రభువు అనడం లేదు. మీకు దొరికిన క్షమాపణ ఎంత పెద్దదో చూపించి, దాని పక్కన ఈ నష్టాన్ని పెట్టి చూడమంటున్నాడు. కృతజ్ఞత లేకుండా క్షమించబోతే ఎవరికైనా పళ్ళబిగువున ఓర్చుకోవడమే మిగులుతుంది. మీలోని మంటకు మందు కూడా నాకు అక్కడే కనబడుతున్నది. ప్రార్థనలో అన్నగారి పేరు ఎత్తకముందు, దేవుడు మీకు ఏమేమి క్షమించాడో వాటిని ఒక్కొక్కటిగా తలచుకొని స్తుతించండి. రేపు మంట మళ్ళీ లేస్తుంది. రేపు మళ్ళీ క్షమించండి. ఏడుసార్లు సరిపోదని ప్రభువు చెప్పినది కొత్త తప్పులను ఉద్దేశించి మాత్రమే కాదని, ఒకే గాయం పదేపదే గుర్తుకు వచ్చినప్పుడు కూడా ఆ మాటే మనకు ఆధారమని నా నమ్మకం.

‘ఉపమానంలో అప్పు కొట్టివేశారు కదా, అయితే పొలమూ కొట్టివేయాలి కదా’ అని ఎవరైనా మిమ్మల్ని అడగవచ్చు. అక్కడ అప్పుపడినవారిద్దరూ అప్పు ఉందని ఒప్పుకొని, సాగిలపడి ఓర్చుకొమ్మని వేడుకున్నారు. మీ అన్నగారు మీకు ఇవ్వవలసినదేమీ లేదంటున్నారు. అదే అధ్యాయంలో, ఆ ఉపమానానికి కొంచెం ముందే, సహోదరుడు తప్పిదము చేస్తే ఒంటరిగా వెళ్ళి గద్దించమని, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకొని వెళ్ళమని, అప్పటికీ వినకపోతే సంఘానికి తెలియజెప్పమని ప్రభువే క్రమం నేర్పాడు. తప్పును తప్పు అని చెప్పడమూ, క్షమించడమూ పక్కపక్కనే ఉన్నాయి. గొంతు పట్టుకోవడం పాపం గాని, ద్వేషం లేకుండా న్యాయం అడగడం పాపం కాదు.

చట్టం సంగతి కూడా మీరు తెలుసుకోవాలి. క్రైస్తవులు వీలునామా లేకుండా మరణిస్తే సాధారణంగా 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. భార్య బ్రతికి ఉంటే ఆమెకు మూడో వంతు, మిగిలినది పిల్లలకు; భార్య లేకపోతే మొత్తం పిల్లలదే. కొడుకనీ కూతురనీ అందులో తేడా లేదు. తండ్రి తన జీవితకాలంలో ఒక బిడ్డకు ఇచ్చినదానిని, ఖర్చు పెట్టినదానిని ఆ బిడ్డ వాటాలో నుండి తగ్గించకూడదని కూడా ఆ చట్టమే చెబుతుంది. కాబట్టి ‘పెళ్ళి చేశాడు కదా’ అన్న మాట అక్కడ నిలబడదు. మీరిద్దరే సంతానమైతే సగం మీది.

ఇక 1 కొరింథీయులకు 6వ అధ్యాయాన్ని మీ పెద్దలు చూపిస్తారని నాకు తెలుసు. విశ్వాసులు ఒకరిమీద ఒకరు న్యాయస్థానానికి ఎక్కడం కంటే అన్యాయం సహించడం మేలు కాదా అని పౌలు అడిగిన మాట నిజమే, అది బరువైన మాట, దానిని నేను పలుచన చేయను. అయితే దానికి ముందే పౌలు సంఘాన్ని నిలదీశాడు: సహోదరుల మధ్య వ్యాజ్యెము తీర్చగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనా లేడా అని. మీ అన్నగారిని పిలిచి, పట్టా ముందు పెట్టి, ఆ పెద్దలు ఒక్కసారైనా కూర్చోబెట్టి మాట్లాడారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. అన్యాయం చేసినవానికి బల్ల తెరిచి, అన్యాయం పొందినదానికి మూసివేయడం ఏ వాక్యం ప్రకారమో వారే చెప్పాలి. ముందు వారిని పంచాయితీ పెట్టమని కోరండి. అది జరిగేవరకు అర్జీని అలాగే ఉంచుకోవడంలో దోషం లేదు.

మన ఒడిశా రాష్ట్రంలోనే జరిగిన ఒక సంగతి గుర్తు చేస్తాను. మయూర్‌భంజ్ జిల్లా బారిపదాలో కుష్ఠురోగుల మధ్య 1965 నుండి సేవచేసిన గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన ఇద్దరు కుమారులు ఫిలిప్, తిమోతీలను 1999 జనవరి 22 అర్ధరాత్రి దాటాక కియోంఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో వారు నిద్రిస్తున్న వాహనంలోనే సజీవదహనం చేశారు. ఆయన భార్య గ్లాడిస్ స్టెయిన్స్ హంతకులను క్షమించానని బహిరంగంగా చెప్పింది, కూతురితోపాటు బారిపదాలోనే ఉండి ఆ రోగుల సేవను కొనసాగించింది. ఆమె క్షమించినందువల్ల కేసు ఆగలేదు. 2003లో శిక్షలు పడ్డాయి, ప్రధాన నిందితునికి యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆమె క్షమాపణ అబద్ధమని ఎవరైనా అనగలరా?

పెళ్ళికి వెళ్ళండి. ఆ పిల్ల మీకు ఏ అన్యాయమూ చేయలేదు. మేనత్తగా మీ చేతనైనది పట్టుకొని వెళ్ళండి, ఆ రోజు పొలం మాట ఎత్తవద్దు. ‘శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు సమస్త మనుష్యులతో సమాధానముగా ఉండుడి’ అన్న వాక్యంలో మీ చేతిలో ఉన్నంత మట్టుకే మీ బాధ్యత. రేపు అన్నగారు ఇది నీదే అని ఒప్పుకొన్న తరువాత, అతని ఇబ్బందులు చూసి మీరే కొంత వదులుకోవాలనుకుంటే అది మీరు ప్రేమతో ఇచ్చినదవుతుంది. ఒప్పుకోకముందే నోరు మూయించి రాయించుకొంటే దానిని ఎవరూ దానమనరు.

ప్రశ్న: మాది కాశీనగర్. తిత్లీ తుఫానులో మా జీడితోట, కొబ్బరిచెట్లు మొత్తం పడిపోయాయి. మళ్ళీ వేసిన మొక్కలు కాపుకు రాకముందే మా ఆయన కన్నుమూశారు. మొన్న సాక్ష్యాల కూటంలో, తుఫాను కోసం కూడా దేవునికి స్తోత్రం చెప్పాలని ఒక సహోదరుడు నన్ను నిలబెట్టారు. నాకు నోరు పెగలలేదు. నా విశ్వాసం తక్కువైనదా?

జవాబు: లేదమ్మా. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మీ గజపతి జిల్లా మీదుగా పోయినప్పుడు వంశధార ఒడ్డున ఉన్నవారు ఏమి చూశారో మీకు తెలుసు. కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయిన ఊళ్ళు కూడా మీ జిల్లాలో ఉన్నాయి. వాటికోసం స్తోత్రం చెప్పమని బలవంతపెట్టడం విశ్వాసాన్ని పెంచే పద్ధతి కాదు.

‘ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి’ అని రాసిన పౌలు తానే తుఫానులో ఎలా నడుచుకున్నాడో అపొస్తలుల కార్యముల 27వ అధ్యాయంలో చదవండి. పద్నాలుగు రాత్రులు ఓడ కొట్టుకుపోయింది. అందులో ఉన్న 276 మందికి ఆశ అడుగంటింది, తిండి లేదు. తెల్లవారుతుండగా పౌలు రొట్టె పట్టుకొని, అందరి ఎదుట దేవునికి కృతజ్ఞతాస్తుతులు చెల్లించి, విరిచి తినసాగాడు. ఆయన గాలికోసం స్తుతించలేదు, చేతిలో ఉన్న రొట్టెకోసం స్తుతించాడు. ఆ తరువాత ఓడ ముక్కలైంది, మనుషులందరూ ఒడ్డుకు చేరారు. మీ చేతిలో ఈ రోజు ఏమి ఉన్నదో దానికి స్తుతించండి. పోయినవాటి కోసం ఏడవండి. కీర్తనలలో ఎన్నో ఏడుపుతో నిండినవే, 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, అయినా అది మన ప్రార్థనా గ్రంథంలో ఉంది.

ఇంకొక్క మాట. సమరయ, గలిలయల సరిహద్దులో ప్రభువు పదిమంది కుష్ఠరోగులను బాగుచేస్తే తిరిగివచ్చి కృతజ్ఞత చెప్పినవాడు ఒక్కడే, వాడు అవతలి జాతివాడు. సరిహద్దులో బ్రతికే మనకు ఇది దగ్గరి కథ. ఆ తుఫాను రోజుల్లో మీకు బియ్యం ఇచ్చినవారు, తలదాచుకోనిచ్చినవారు ఒడియావారో సవర గిరిజనులో అయి ఉంటే, వారి ఇంటికి వెళ్ళి ఆ మాట వారి ముఖం ఎదుట చెప్పండి. కూటంలో నిలబడి చెప్పే సాక్ష్యం కంటే అది తక్కువది కాదు.

ప్రశ్న: గుణుపురం దగ్గర సంతల్లో చింతపండు, అల్లం, జీడిపిక్కలు కొనే వ్యాపారం మాది. నాన్నగారి కాలంలో తూకంలో మోసం జరిగేది, చిన్నప్పుడు నేనూ ఆ కాటా పట్టుకున్నాను. పంటకు ముందే అడ్వాన్సు ఇచ్చి, తక్కువ ధరకు కట్టేసుకునేవాళ్ళం. ఇప్పుడు నేను సరిగానే తూస్తున్నాను, దేవుని దగ్గర క్షమాపణ అడిగాను. అది చాలదా? ఎవరికి ఎంత నష్టం జరిగిందో నాకే తెలియదు.

జవాబు: దేవుడు మీ పాపం క్షమించాడనే నమ్మండి. అయితే తమ్ముడూ, సవర రైతు బుట్టలో నుండి తరిగిపోయిన శేరు ఇంకా మీ ఇంట్లోనే ఉంది. ‘దొంగత్రాసు యెహోవాకు హేయము’ అని సామెతలు 11:1లో ఉన్నది. సుంకం వసూలుచేసే జక్కయ్య ప్రభువును తన ఇంట చేర్చుకున్న రోజే, ఆస్తిలో సగం బీదలకు ఇస్తాననీ, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు చెల్లిస్తాననీ లేచి నిలబడి చెప్పాడు. ఆ మాట విన్న తరువాతనే, ఈ ఇంటికి నేడు రక్షణ వచ్చిందని ప్రభువు ప్రకటించాడు. చెల్లించి రక్షణ కొనుక్కున్నాడని దీని అర్థం కాదు. రక్షణ వచ్చిన ఇంట్లో పద్దుపుస్తకం పాతదారిన నడవదు.

లెక్క తెలియకపోవడం మిమ్మల్ని ఆపకూడదు. మోషే ధర్మశాస్త్రం అసలుకు అయిదో వంతు కలిపి ఇచ్చివేయమంది. నష్టపోయినవాడు లేకపోతే అతని సమీప బంధువునికి ఇవ్వాలి, బంధువు కూడా లేనప్పుడే అది యాజకునికి చెందుతుందని సంఖ్యాకాండం 5వ అధ్యాయం చెబుతుంది. మీ విషయంలో బంధువులు ఉన్నారు, కొండమీది ఊళ్ళలో వారి పిల్లలు, మనుమలు ఉన్నారు. కాబట్టి ఈ సొమ్మును చర్చి గోడలకో మైకుసెట్టుకో ఇచ్చి మనసు తేలిక చేసుకోవద్దు. ముందు పద్దుపుస్తకం తెరిచి, ఆ కాలపు అడ్వాన్సు బాకీలు ఇంకా ఎవరిమీదనైనా ఉంటే వాటిని వారి ఎదుటే కొట్టివేయండి. పేర్లు గుర్తున్నవారి ఇళ్ళకు స్వయంగా వెళ్ళండి. పేర్లు గుర్తులేని ఊళ్ళకు, ఆ ఊరి పెద్దలను అడిగి, వారికి అవసరమైనది చేయండి. ఎంత అన్నది మీ మనస్సాక్షికి తెలుసు, తక్కువవైపు మొగ్గవద్దు.

2011 జనాభా లెక్కల ప్రకారం పక్కనున్న గజపతి జిల్లాలో మూడో వంతుకు పైగా క్రైస్తవులు, వారిలో కొండవాసులే ఎక్కువ. మీ సంతకు బుట్ట మోసుకొచ్చేవారిలో ఎందరో మీతోపాటు అదే బల్లలో పాలుపొందేవారై ఉండవచ్చు. వారు మిమ్మల్ని వెంటనే క్షమించకపోతే కష్టపెట్టుకోకండి. క్షమించమని వేడుకొనే హక్కు మీకుంది, క్షమించి తీరాలని వాక్యం చూపించే హక్కు మాత్రం తప్పు చేసినవాడికి లేదు. నాన్నగారిని నిందిస్తూ మాట్లాడనవసరం లేదు, ‘మా ఇంటివాళ్ళం చేశాం, నేనూ చేశాను’ అంటే చాలు. సవర భాష మీకు వచ్చే ఉంటుంది, బేరమాడిన ఆ భాషలోనే ఈ మాటా చెప్పండి. తోడు కావాలనుకుంటే మీ పాస్టరుగారిని వెంటబెట్టుకొని వెళ్ళండి, కాని మాట్లాడవలసినది మీరే.