ఆ బిళ్ల ఒక పూట వేసుకోకపోతే చెమటలు, వణుకు... మాన్పించేదెలా?

ప్రశ్న: మాది గుంటూరు. మా ఆయనకు 47 ఏళ్లు, మిర్చి యార్డులో హమాలీ. నడుం నొప్పికి రెండేళ్ల కిందట డాక్టరు పది రోజులకు రాసిన బిళ్లల్ని పాత చీటీ చూపించి ఇప్పటికీ తెచ్చుకుంటున్నారు. స్ట్రిప్ మీద ట్రమడాల్, పారాసిటమాల్ అని ఉంది. మొదట్లో రోజుకు రెండు, ఇప్పుడు ఆరు. ఒక పూట తప్పితే చెమటలు, వణుకు, ఆవలింతలు, ఒంట్లో కరెంటు పాకినట్టు జిల్లుమంటోందట. అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. నరాలు చచ్చుబడతాయా? బిళ్లలు దాచేయమంటారా?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, బిళ్లలు మాత్రం దాచొద్దు. రెండేళ్లుగా అలవాటుపడ్డ మెదడుకు ఒక్కసారిగా మందు అందకపోతే మీరు రాసిన బాధలన్నీ ఇంకా ముదురుతాయి. తట్టుకోలేక ఇంకో షాపులో ఇంకా ఎక్కువ కొని మింగే ప్రమాదమూ ఉంది.

ట్రమడాల్ మామూలు నొప్పి బిళ్లల్లాంటిది కాదు. ఓపియాయిడ్, అంటే నల్లమందు తరహాలో పనిచేసే మందు. దానికితోడు మెదడులో సెరటోనిన్, నార్‌అడ్రినలిన్ అనే రసాయనాల్నీ పెంచుతుంది. అందుకే ఆపితే రెండు రకాల బాధలూ వస్తాయి. చెమటలు, ఆవలింతలు, విరేచనాలు ఒక రకం. కరెంటు పాకినట్టుండటం, ఆందోళన రెండో రకం. ఇవి మందు అందకపోవడం వల్ల వచ్చేవే, వీటివల్ల నరాలు చచ్చుబడవు. మీ వారికి మనోబలం లేదని మాత్రం ఎవరూ అనకండి. ఆ మందు స్వభావమే అంత.

వాడేకొద్దీ పాత మోతాదు చాలదు. కొందరికి నొప్పిని మోసే నరాల వ్యవస్థే సున్నితమైపోయి, చిన్న నొప్పి కూడా పెద్దగా తెలుస్తుంది. నన్ను ఎక్కువ భయపెట్టేది ఫిట్స్. మోతాదు పెరిగినా, మద్యం తోడైనా, కొన్ని డిప్రెషన్ మందులతో కలిసినా ట్రమడాల్‌తో ఫిట్స్ రావచ్చు. మద్యంతో కలిస్తే ఊపిరి కూడా మందగిస్తుంది. పని దిగాక తాగే అలవాటుంటే డాక్టరు దగ్గర దాచకండి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో స్పూన్ దూర్చొద్దు.

అరికాళ్ల తిమ్మిర్లకు షుగర్, బి12 లోపం, డిస్క్ నరాన్ని నొక్కడం లాంటి వేరే కారణాలు ఉండొచ్చు. షుగర్, బి12తోపాటు కిడ్నీ, లివర్ పరీక్షలూ చేయించండి. నరాల బలానికని ఎవరో చెప్పిన విటమిన్ బిళ్లలు కొనకండి. బి6 మోతాదు మించితే అదే నరాల్ని దెబ్బతీస్తుంది. కాలు బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా, మలమూత్రాలు వచ్చే చోట స్పర్శ తెలియకపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

గుంటూరు జీజీహెచ్‌లో, అంటే ప్రభుత్వ పెద్దాసుపత్రిలో, న్యూరాలజీ (నరాల వైద్యం), సైకియాట్రీ (మానసిక వైద్యం) రెండూ ఉన్నాయి. ఏడాదికి పైగా వాడినవారికి సాధారణంగా నెలకు పదో వంతు చొప్పున తగ్గిస్తారు, నెలలు పడుతుంది. ఈలోగా నడుముకు ఫిజియోథెరపీ మొదలుపెట్టాలి. వీలైతే కొన్నాళ్లు బరువు లేని పని అడగమనండి. ట్రమడాల్‌ను 2018లోనే మాదకద్రవ్యాల చట్టం కిందకు తెచ్చారు. పాత చీటీకి షాపులో ఇవ్వడమే తప్పు.

వెళ్లేటప్పుడు ఆ చీటీ, ఖాళీ స్ట్రిప్ తీసుకెళ్లండి. రోజుకు ఆరు అని ఉన్నదున్నట్టు చెప్పమనండి. సిగ్గుపడి మూడు అంటే, డాక్టరు ఒక్కసారిగా సగానికి దించినట్టవుతుంది.