మంత్రి విదేశాలకు వెళ్లి ఆరోగ్య, వాణిజ్య ఒప్పందాలు చేసుకుంటే విశాఖకు ఏం ఒరుగుతుంది?

శాలువాలు, సంతకాలు, ఫొటోలు చూసి రేపటికల్లా ఆర్డర్లు వచ్చేస్తాయని అనుకోకండి. అవగాహన ఒప్పందం అంటే చాలావరకు ‘కలిసి పనిచేద్దాం’ అన్న మాటే. నెరవేరకపోయినా సాధారణంగా ఎవరినీ నిలదీసే వీలుండదు.

నన్నడిగితే, చూడాల్సింది మందుల ప్రమాణాల సంగతి. పరవాడ ఫార్మా సిటీలో తయారైన మందును వేరే దేశంలో అమ్మాలంటే అక్కడి నియంత్రణ సంస్థ దగ్గర రిజిస్టర్ చేయించాలి. ఫైళ్లు, పరీక్షలు, ఒక్కోసారి ఫ్యాక్టరీ తనిఖీ కూడా ఉంటాయి. కంపెనీవాళ్లకు అసలు టెన్షన్ ఇదే. మన ‘ఇండియన్ ఫార్మకోపియా’ (మందుల నాణ్యత ఎలా ఉండాలో చెప్పే మన దేశపు అధికారిక పుస్తకం) ప్రమాణాలను అవతలి దేశం గుర్తిస్తే, ఒకే మందుకు మళ్లీ మళ్లీ పరీక్షలు చేసే బెడద తగ్గుతుంది. 2024 నవంబరులో ప్రధాని మోదీ గయానా వెళ్లినప్పుడు కుదిరిన ఒప్పందాల్లో ఫార్మకోపియాపై సహకారం ఒకటి, చౌక జనరిక్ మందుల జనౌషధి పథకం మరొకటి.

మన మెడ్‌టెక్ జోన్‌లో తయారయ్యే వైద్య పరికరాల దారి వేరు. వాటికి సాధారణంగా ఈ ఫార్మకోపియా వర్తించదు, విడిగా సర్టిఫికెట్లు కావాలి.

వెళ్లింది రాష్ట్ర మంత్రి అయితే పెట్టుబడులు అడగొచ్చు, కంపెనీలతో మాట్లాడొచ్చు. దేశాల మధ్య ఒప్పందాలు మాత్రం కేంద్రం పని. ఆ ప్రయాణానికి కూడా ముందు విదేశాంగ శాఖ అనుమతి ఉండాల్సిందే.