ఈక్వల్, ఈక్వివలెంట్: రెండూ ఒకటేనా?

ఒకటి కాదండీ. రెండింటికీ తెలుగులో 'సమానం' అనే అర్థం ఉంది కదా, పరీక్షలో ఏది రాసినా చెల్లుతుందా అని అడిగారు. చెల్లదు. ఈక్వల్ అంటే కొలత సమానం. ఈక్వివలెంట్ అంటే కొలతలు వేరైనా విలువలోనో, చేసే పనిలోనో సాటి రావడం.

నాకు ఈ తేడా బాగా తెలిసింది మా ఇంటి పంపకాల దగ్గర. మాది శ్రీకాకుళం జిల్లాలో హిరమండలం వైపు. గొట్టా బ్యారేజీ నుంచి వచ్చే వంశధార కాలువ కింద కొంత పల్లం, కొండవారన జీడితోట ఉన్న కొంత మెట్ట. ముక్కలు చేస్తే ఎవరికీ సేద్యం సాగదని, పల్లం ఒకరికి, మెట్ట ఒకరికి అనుకున్నారు నాన్న, చిన్నాన్న. ఎకరాకి ఎకరా ఇచ్చేసుకుందాం అన్నది మొదటి మాట. పెద్దమనిషిగా కూర్చున్న తాతగారు ఒప్పుకోలేదు. "గొలుసుకి సరిపోద్ది గానీ గాదెకి సరిపోద్దేటి?" అన్నారు. గొలుసంటే పొలం కొలిచే గొలుసు. నీరు, పంట, చెట్ల కాపు అన్నీ బేరీజు వేసి ఎకరం పల్లానికి ఎకరంన్నర మెట్ట అని తేల్చారు. ఎవరికేదో చీట్లు వేసి మా చెల్లి చేత తీయించారు. ఎకరం పల్లం, ఎకరం మెట్ట విస్తీర్ణంలో ఈక్వల్. ఎకరం పల్లం, ఎకరంన్నర జీడితోట ఈక్వివలెంట్. తాతగారి తీర్పు కంటే మంచి ఉదాహరణ నాకింతవరకూ దొరకలేదు.

ఇప్పుడు ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతున్నాను. అక్కడా ఇదే. 40 గ్రాముల సోడియం హైడ్రాక్సైడును పూర్తిగా తటస్థీకరించడానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లమైతే 36.5 గ్రాములు చాలు, సల్ఫ్యూరిక్ ఆమ్లమైతే 49 గ్రాములు కావాలి. తూకాలు వేరు, చేసిన పని ఒకటే. అందుకే వాటిని తుల్యభారాలు (ఈక్వివలెంట్ వెయిట్లు) అంటాం, సమాన భారాలు అనం. ఈక్వివలెంట్‌లో, వేలెన్సీలో, వేల్యూలో ఉన్నది ఒకే లాటిన్ ధాతువు. బలం, విలువ అని దానర్థం.

తికమక మొదలయ్యేది చిన్న క్లాసుల్లోనే అని నా నమ్మకం. 1/2, 2/4 లను ఇంగ్లిష్ పుస్తకం ఈక్వివలెంట్ అంటే, మన తెలుగు వాచకం 'సమాన భిన్నాలు' అంది. పిల్లల తప్పేం లేదు.

వాడేటప్పుడు ఇలా చూసుకోండి. 'ఎందులో?' అన్న ప్రశ్నకి పొడవు, సంఖ్య, హక్కు లాంటి జవాబొస్తే ఈక్వల్. ఒకదాని బదులు ఇంకొకటి పెట్టినా పని నడుస్తుందంటే ఈక్వివలెంట్.

ఉద్యోగ నోటిఫికేషన్లలో 'డిగ్రీ లేదా తత్సమాన అర్హత' అని ఉండేది ఈ రెండోదే. మీ కోర్సు కూడా మూడేళ్లదే కాబట్టి సరిపోతుందనుకోకండి. ఆ డిగ్రీకి బదులుగా మీ కోర్సును అధికారికంగా గుర్తించి ఉండాలి. ఫీజు కట్టకముందే ఆ ఉత్తర్వు కాపీ దగ్గర పెట్టుకోండి.